అయిదువేల గీత

ఏలూరు కాలువ గట్టున ఒక రైసుమిల్లు ఉండేది. దాన్ని పెట్టిన పెద్దాయన కాలంలో లెక్క పుస్తకాలంటే ఆయన చొక్కా జేబులే. ఎడమ జేబులోంచి ఖర్చు, కుడి జేబులోకి జమ. దీపాలు పెట్టే వేళకి గల్లాపెట్టె ముందు కూర్చుని రెండు జేబులూ బోర్లించి, మిగిలింది చూసుకుని, దండం పెట్టుకుని ఇంటికి పోయేవాడు. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ ఒకటే, చూసే కళ్లూ అవే. మతిమరుపు తప్ప ఆ మిల్లులో మరో దొంగ లేడు.

కొడుకు చేతికి వచ్చేసరికి మిల్లు పెరిగింది. డ్రయ్యరు వచ్చింది, రంగు గింజలు ఏరే సార్టెక్సు వచ్చింది, రెండు లారీలు వచ్చాయి. వాటి వెనకే మనుషులూ వచ్చారు. చిట్టా రాసే ముసలి గుమాస్తా, యంత్రాలు చూసే మేస్త్రీ, గోతాలూ పురికొసా డీజిలూ కొనుక్కొచ్చే కుర్రాడు, బస్తాలు మోసే ముఠా. ఎవరికి ఏది కావలిస్తే అది తెచ్చుకుని, చీటీ గుమాస్తాకిచ్చి డబ్బు పట్టుకుపోయేవారు. యజమాని మంచివాడు. నమ్మకం మీద నడుస్తున్న మిల్లని పదిమందిలో చెప్పుకునేవాడు కూడా.

ఒక ఏడాది మార్చి వెళ్లాక ఆడిటరు పుస్తకాలు తిరగేసి ఒకే ఒక్క మాట అడిగాడు. “ఆడించిన ధాన్యం పోయినేటి కన్నా తగ్గిందండీ. బియ్యం బస్తాలూ తగ్గాయి. మరి గోతాల ఖర్చెందుకు పెరిగింది?”

దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. యజమాని ఆ రాత్రి నిద్రపోలేదు. తెల్లారి మిల్లు గుమ్మంలో నిలబడి అందరికీ వినబడేలా చెప్పాడు.

“ఇవాళ్టి నుంచి నా సంతకం లేకుండా ఈ గల్లాలోంచి రూపాయి కదలకూడదు.”

గుమాస్తా చిత్తమన్నాడు. మేస్త్రీ ఏదో అనబోయి ఊరుకున్నాడు.

అప్పటి నుంచి యజమాని టీపొడికి సంతకం పెట్టాడు, చీపుళ్లకి పెట్టాడు, పురికొస ఉండలకి పెట్టాడు. మొదటి రోజు ప్రతి చీటీనీ ఇటూ అటూ తిప్పి చదివాడు. పదో రోజుకి అంకె మాత్రం చూశాడు. నెల తిరిగేసరికి ఆయనకి సంతకం పెట్టవలసిన చోటు తప్ప కాగితం మీద ఇంకేమీ కనబడటం మానేసింది. కుర్రాడు గోతాల చీటీని చీపుళ్ల చీటీ కింద పెట్టి తేవడం నేర్చుకున్నాడు.

దాళ్వా కోతలు వచ్చాయి. మే మొదటి వారంలో, కళ్లాల మీద ధాన్యం ఉండగానే అకాల వర్షం పడింది. రైతులు తడిసిన ధాన్యాన్ని ట్రాక్టర్లకెత్తి మిల్లుకి తోలారు. డ్రయ్యరు పగలూ రాత్రీ తిరుగుతోంది. సరిగ్గా అప్పుడు, రాత్రి తొమ్మిది దాటాక, బ్లోయరు బేరింగు కీచుమని అరిచి ఆగిపోయింది. మేస్త్రీ విప్పి చూశాడు. గుళ్లు అరిగిపోయాయి. కొత్తది 2,200 రూపాయలు. తాడేపల్లిగూడెం దుకాణదారు తెలిసినవాడే, వస్తానంటే షట్టరెత్తుతానన్నాడు. గల్లాలో డబ్బుంది. తాళం గుమాస్తా మొలలో ఉంది. సంతకం మాత్రం హైదరాబాదులో, ఒక పెళ్లి పందిట్లో ఉంది. బ్యాండుమేళం హోరులో ఫోను ఎవరికి వినబడుతుంది?

అరువు తేవచ్చు కదా అంటారేమో. అరువు తెచ్చినందుకు మేస్త్రీ పోయిన వారమే చీవాట్లు తిన్నాడు. రెండోసారి తినే ఓపిక ఆయనకి లేదు.

తెల్లారేసరికి ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే చురుక్కుమంది. నాలుగు వందల బస్తాల గింజ లోపల పసుపు తిరిగింది. మధ్యాహ్నానికి దిగిన యజమాని ఆ రంగు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

“ఇంత పిసరు బేరింగు కొనడానికి కూడా నేనే ఉండాలా?”

“రూపాయి కదలకూడదన్నారు కదండీ బాబుగారూ,” అన్నాడు గుమాస్తా. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అలా అన్నారని గుర్తు చేశాడు.

యజమాని ఆలోచించి రెండో శాసనం చేశాడు. 5,000 లోపు ఖర్చు గుమాస్తాగారి ఇష్టం. 5,000 దాటితే తన సంతకం. ఆ అంకె ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. గుండ్రంగా ఉంది కాబట్టి వచ్చింది.

ఆ గీతని మొదట దాటింది మేస్త్రీ. ఎలివేటరు బెల్టు తెగింది. బెల్టూ బకెట్లూ బోల్టులూ కలిపి 7,600. యజమాని భీమవరం వెళ్లాడు, మర్నాటికి గాని రాడు. మిల్లాగితే ముఠాకి ఒక రోజు కూలి పోతుంది. మేస్త్రీ దుకాణదారుతో మాట్లాడి బెల్టుకో బిల్లు, మిగతా సామానుకో బిల్లు రాయించుకొచ్చాడు: 4,800, 2,800. గుమాస్తాకి సంగతి అర్థమైంది. మంచి పనికే కదా అని రెండు చీటీలకీ డబ్బిచ్చాడు. పొద్దున్నే మిల్లాడింది. యజమాని వచ్చి, “ఎంత చురుగ్గా బాగు చేయించారయ్యా!” అని ఇద్దర్నీ మెచ్చుకున్నాడు.

తర్వాత లారీ డ్రైవరు బ్యాటరీకి అదే పని చేశాడు. వాడిదీ తప్పు పని కాదు. లారీ రోడ్డు మీద ఆగిపోయింది. ఆ తర్వాత గుమాస్తాయే, జబ్బు చేసిన ముఠా మనిషికి అడ్వాన్సిస్తూ, మూడు తారీఖులు వేసి మూడు చీటీలు రాశాడు. అది దయ. గీత అక్కడే ఉంది, దాని పక్కన మాత్రం కాలిబాట పడింది.

సంక్రాంతి వచ్చింది. మూడు రోజులూ యజమాని కోడిపందేల బరి దగ్గరే ఉండి, మనిషి చేత కబురు పంపేవాడు: “బాబుగారు ఒక ఏభై పంపమన్నారు.” ఏభై అంటే ఏభైవేలని గుమాస్తాకి తెలుసు. చీటీ లేదు, ఎందుకో అడిగే వీలూ లేదు. సంతకం పెట్టవలసిన మనిషే పంపమన్నాక ఇంకెవరి సంతకం? ఏ పద్దు కింద రాయాలో తోచక గుమాస్తా పుస్తకంలో చివరి పేజీ తీసి “వగైరా” అని రాసుకున్నాడు. అప్పటి నుంచి ఎక్కడా ఇమడని ఖర్చులన్నీ అక్కడికే చేరాయి.

గోతాల కుర్రాడు ఇదంతా చూస్తూనే ఉన్నాడు.

మళ్లీ మార్చి వెళ్లింది. మళ్లీ ఆడిటరు వచ్చాడు. “మీ మిల్లు డీజిలు కన్నా వగైరా ఎక్కువ తాగిందండీ,” అన్నాడు.

ఆ రాత్రి యజమాని చీటీల కట్టలన్నీ ఇంటికి తెచ్చి వసారాలో పోసి కూర్చున్నాడు. గుమాస్తా వాటిని నంబరు వరసలో గుచ్చాడు. ఎలా చూసినా అన్నీ సక్రమమే. ఒక్కటీ 5,000 దాటలేదు. యజమాని భార్య మంచినీళ్లు తెచ్చి పక్కన కూర్చుంది. పేరుకి మిల్లులో సగం ఆవిడది. భాగస్వామ్య పత్రం మీద సంతకం చేసిన నాటి నుంచి మిల్లు పుస్తకం ఆవిడ అడగలేదు, ఆయన చూపలేదు. ఆవిడ కాసేపు చూసి, కట్టలు విప్పి, తారీఖుల వారీగా వసారా పొడుగునా పరిచింది. ఒకే రోజువి ఒక చోట, అందులో ఒకే దుకాణానివి ఒక వరసలో.

“ఏవండీ, ఇది చూడండి. ఫిబ్రవరి పన్నెండున గోతాలకి మూడు చీటీలు. 4,900, 4,950, 4,900. ఇదిగో, పంతొమ్మిదిన ఇంకో మూడు. ఒక్క రోజులో అన్నిసార్లు దుకాణానికి వెళ్లాడా?”

పొద్దున్నే గోదాము తెరిచి లెక్కపెట్టారు. బిల్లులో కొత్త గోతాలు. గోదాములో ఒకసారి వాడినవి, అవీ నూటికి పది తక్కువ. కుర్రాణ్ని పిలిచారు. వాడు ముందు బుకాయించాడు, తర్వాత ఏడ్చాడు, ఆఖరికి తెగించాడు.

“నేనొక్కణ్నే చేశానా అండీ? బెల్టుకి మేస్త్రీగారు చెయ్యలేదా? డ్రైవరు చెయ్యలేదా? తవరు సంక్రాంతికి...”

అక్కడితో ఆగిపోయాడు. మిగతాది అందరికీ వినబడింది.

కుర్రాణ్ని పంపించేశారు. యజమానికి కోపం తగ్గలేదు. మళ్లీ మొదటి శాసనమే పెడతానన్నాడు, టీపొడి దగ్గర్నుంచీ తన సంతకమేనన్నాడు. కూలి డబ్బుల కోసం గుమ్మం దగ్గర నిలబడి ఉన్న ముఠామేస్త్రీ దగ్గాడు.

“బాబుగారండీ, మాట అనొచ్చా అండి? మేం ఇరవై మందిమండి. లారీ మీంచి బస్తా ఎత్తుకున్నోడికి ఒకడు బిళ్ల ఇస్తాడండి. గోదాం గుమ్మంలో ఇంకోడు ఆ బిళ్ల పుచ్చుకుంటాడండి. సొంత అన్నదమ్ములైనా సరే, ఆ రెండు పన్లూ ఒకడికే ఇవ్వవండి. సాయంత్రం డబ్బు పంచేది నేనండి. పంచేవోడు ఆఖర్న తీసుకోవాలని మా లెక్కండి. తక్కువ పడితే నాకే పడుద్ది.”

“అంటే మీవాళ్ల మీద మీకు నమ్మకం లేదన్నమాట.”

“అనుమానం పుట్టాక ముఠా ఉండదండి బాబుగారూ. అది పుట్టకుండా ఉంటానికేనండి బిళ్ల.”

“అర్ధరాత్రి లారీ వచ్చి, నువ్వు లేకపోతే?”

“నేను లేకపోతే ఎవడో ముందే చెప్పి ఉంచుతానండి. ఆ పేరు మిల్లులో అందరికీ ఎరికేనండి.”

మూడో శాసనం చెయ్యడానికి వారం పట్టింది. ఈసారి యజమాని గుమ్మంలో నిలబడి చెప్పలేదు. మేస్త్రీనీ గుమాస్తానీ ముఠామేస్త్రీనీ కూర్చోబెట్టి అడిగాడు. ఏది ఆగితే మిల్లు ఆగుతుంది? గంట ఆగితే ఎంత నష్టం? మేస్త్రీ గోడ మీద రాసి ఉన్నది చదివినట్టు గడగడా చెప్పాడు. ఆ రోజు నుంచి మేస్త్రీ దగ్గర 15,000 ఉంచారు. కోతల రోజుల్లో యంత్రం ఆగితే ఎవర్నీ అడగక్కర్లేదు, తెల్లారి చెబితే చాలు. కానీ కొత్త బేరింగు తెస్తే పాత బేరింగు గుమాస్తా బల్ల మీద పెట్టాలి. ఖర్చయినంత మేరకే ఆ సొమ్ము తిరిగి నింపుతారు. గోతాలకి అలాంటి తొందర లేదు. కాబట్టి సీజను మొదట్లోనే మూడు దుకాణాల్లో ధర కనుక్కుని ఒకటి ఖాయం చేశారు. కొనేవాడు కొంటాడు, గోదాములో లెక్కపెట్టేది ముఠామేస్త్రీ, ఆయన వేలిముద్ర లేనిదే బిల్లుకి డబ్బు లేదు. గుమాస్తా పరిమితి 5,000 చీటీకి కాదు, దుకాణానికి, రోజుకి. యజమాని ఊళ్లో లేకపోతే ఆయన బదులు సంతకం ఎవరిదో పలక మీద రాసి గోడకి తగిలించారు. 50,000 దాటిన ఏ ఖర్చుకైనా ఇద్దరు భాగస్వాముల సంతకాలూ ఉండాలి. వగైరా పేజీ గుమాస్తాయే చింపాడు.

మళ్లీ సంక్రాంతి వచ్చింది. కనుమ నాడు బరి దగ్గర్నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. “బాబుగారు అరవై పంపమన్నారు.” గుమాస్తా గల్లా తియ్యలేదు. ఒక ఖాళీ చీటీ ఇచ్చి పంపాడు. అందులో “దేని నిమిత్తం” అన్న గడి ఉంది. యజమాని పందెం పక్కన నిలబడి ఆ గడి వంక చాలాసేపు చూశాడట. “సొంత వాడకం” అని రాసి, తన సంతకం పెట్టి, రెండో సంతకానికి ఇంటికి పంపాడు. ఆవిడ చీటీ తిప్పి చూసింది. “సొంతమైతే మిల్లు డబ్బెందుకు?” అని వెనక రాసి పంపేసింది.

ఆ ఏడు ఆయన బరి దగ్గర్నుంచి తొందరగా ఇంటికొచ్చాడు.

నీతి

ఈ కథకి “ఎవర్నీ నమ్మకు” అన్నది నీతి కాదు. మిల్లులో దొంగ ఒక్కడే. వాడు నడిచిన అడ్డదారి మాత్రం వాడు వేసింది కాదు. పని ఆగకూడదని మేస్త్రీ ఒక అడుగు తొక్కాడు, దయతో గుమాస్తా ఒక అడుగు తొక్కాడు, తనకి అడ్డేమిటని యజమాని నాలుగడుగులు తొక్కాడు. అలా మంచివాళ్లు తొక్కి చదును చేసిన దారిలో దొంగ చెప్పుల చప్పుడు కూడా కాకుండా నడిచి వెళ్లాడు. ఖర్చుకి హద్దు పెట్టేవాడు ముందు చూసుకోవలసింది దొంగ దాన్ని ఎలా దాటతాడని కాదు, నిజాయితీపరుడికి దాన్ని దాటవలసిన అవసరం ఎందుకు వస్తుందని. ఆ అవసరం తీర్చకుండా గీత గీస్తే, గీత చెరపడం మంచివాళ్లకే అలవాటవుతుంది. వాళ్ల మధ్యలో దొంగని గుర్తుపట్టడం ఎవరి తరమూ కాదు.

బిల్లుని ముక్కలు చెయ్యడం మిల్లు కుర్రాడు కనిపెట్టింది కాదు, మన పన్నుల చట్టమే దానితో ఏళ్ల తరబడి తంటాలు పడింది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 40ఎ(3) అనే సెక్షను పెట్టారు. వ్యాపార ఖర్చుని ఒక హద్దు దాటి నగదుగా చెల్లిస్తే ఆ ఖర్చుని లెక్కలో ఒప్పుకోకూడదన్నది దాని నియమం. ఒకప్పుడు ఆ హద్దు ఒక్కో చెల్లింపుకి 20,000. దాంతో ఒకే రోజు ఒకే మనిషికి 19,000 చొప్పున రెండు మూడు రసీదులు పుట్టుకొచ్చేవి. 2008 ఫైనాన్స్ చట్టంతో ఆ సెక్షనులో మాటలు మార్చారు: ఒక మనిషికి ఒక రోజులో చేసిన చెల్లింపులన్నీ కలిపి చూడాలన్నారు. 2017లో ఆ హద్దుని 10,000కి దించారు. లారీ కిరాయిలకి మాత్రం 35,000 దాకా వదిలారు. రోడ్డు మీద లారీకి చెక్కు పుస్తకం పనికిరాదని ఆ చట్టం రాసినవాళ్లకి తెలుసు. ఆ మినహాయింపులో నాకు మిల్లు మేస్త్రీ దగ్గర ఉంచిన 15,000 కనిపిస్తుంది.

2017లోనే వచ్చిన 269ఎస్‌టీ సెక్షను ఇంకా ముందుచూపుతో రాసింది. రెండు లక్షలు, అంతకు మించి నగదు పుచ్చుకోకూడదన్నది నియమం. ఒక మనిషి దగ్గర ఒక రోజులో అని ఒక పక్క, ఒకే లావాదేవీకి అని ఇంకో పక్క, ఒకే సందర్భానికి సంబంధించి అని మూడో పక్క కంచె వేశారు. పెళ్లి మంటపానికి నాలుగు రోజుల్లో నాలుగు విడతలుగా ఇచ్చినా పెళ్లి ఒకటే. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకి వర్తించే 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 157వ నియమమైతే సూటిగానే చెబుతుంది: పై అధికారి మంజూరు తప్పించుకోవడానికి కొనుగోలుని చిన్న చిన్న భాగాలుగా విడగొట్టరాదని. వసారాలో చీటీలు తారీఖుల వారీగా పరిచిన ఇల్లాలు ఆ నియమాలేవీ చదవలేదు, కళ్లు మాత్రం అదే పని చేశాయి. ఇప్పటి అకౌంటింగు సాఫ్ట్‌వేర్‌లో ఆ పని రెండు నిమిషాలది. దుకాణం వారీగా, రోజు వారీగా వరస పెట్టి, హద్దుకి కాస్త కిందగా ఎన్ని బిల్లులు మూగాయో చూస్తే చాలు. ఆ మూగినవాటిలో కొన్నిటి వెనక దొంగ ఉండడు, హద్దు మరీ తక్కువ పెట్టారన్న సమాచారం ఉంటుంది. వాటిని కూడా దొంగతనంలాగే చూసే యజమానికి ఆ సమాచారం ఎప్పటికీ అందదు.

వగైరా పేజీ కథ ఇంకా పెద్దది. ఇంగ్లండులో 1762లో పుట్టిన బేరింగ్స్ బ్యాంకు 1995 ఫిబ్రవరిలో కూలింది. సింగపూర్‌లో దాని తరఫున వ్యాపారం చేసిన నిక్ లీసన్ నష్టాలన్నీ 88888 అనే ఖాతాలో దాచాడు. లెక్కల్లో దొర్లే చిన్న చిన్న పొరపాట్లు సర్దుకునే వరకూ ఉంచడానికి పెట్టే ఖాతా అది. అలాంటిది ఏ వ్యాపార సంస్థలోనైనా ఉంటుంది. ఆయన చేతిలో రెండు పనులూ ఉన్నాయి. కొనడం, అమ్మడం ఆయనే. ఆ కొన్నవీ అమ్మినవీ సరిచూసి లెక్క తేల్చే విభాగమూ ఆయన కిందే. ముఠాలో బిళ్ల ఇచ్చేవాడే పుచ్చుకునేవాడు అన్నమాట. కూలడానికి కొన్ని నెలల ముందు, 1994లో, బ్యాంకు సొంత ఆడిటర్లే ఈ సంగతి ఎత్తి చూపారు. లాభాలు కురిపిస్తున్నాడనుకున్న మనిషిని అడ్డుకోవడం ఎవరికీ రుచించలేదు. చివరికి తేలిన నష్టం 80 కోట్ల పౌండ్ల పైమాటే. డచ్చి సంస్థ ఐఎన్‌జీ ఆ బ్యాంకుని ఒక్క పౌండుకి కొనుక్కుంది.

మన ఇంటి కథ సత్యం కంప్యూటర్స్ కంపెనీది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరంలో, ఖాతాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఒప్పుకున్నారు. దర్యాప్తులో బయటపడిన దొంగ ఇన్వాయిసులు ఏడు వేల పైచిలుకు. మామూలు ఉద్యోగి ఒక ఇన్వాయిసు సృష్టించాలంటే ఆర్డరు నుంచి పని గంటల దాకా అంచెలంచెలుగా దాటి రావాలి. ఈ దొంగ ఇన్వాయిసులు మాత్రం “సూపర్ యూజర్” అన్న తలుపులోంచి ఆ అంచెలేవీ తొక్కకుండా లోపలికి వచ్చాయి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం శిక్షలు వేసింది. వేలమంది ఉద్యోగులకి అంచెలంచెల నియమాలున్న కంపెనీ అది. “బాబుగారు ఒక ఏభై పంపమన్నారు” అన్న మాటకి మాత్రం చీటీ లేదు.

2018 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు ముంబయి శాఖలో బయటపడ్డ మోసం, మొదట చెప్పిన లెక్కన సుమారు 11,400 కోట్లు, ఇంకో రకం. విదేశీ బ్యాంకులకి హామీ కబురు పంపే స్విఫ్ట్ సందేశ వ్యవస్థకీ, బ్యాంకు సొంత లెక్కల వ్యవస్థకీ మధ్య లంకె లేదు. ఒకరు నమోదు చేస్తే ఇంకొకరు సరిచూడాలన్న నియమం ఉంది. చిట్టాలోకి ఎక్కకుండానే మాట ఊరు దాటే తోవ కూడా ఉంది. స్విఫ్ట్‌నీ లెక్కల వ్యవస్థనీ ఏప్రిల్ ఆఖరు లోపు కలపాలని రిజర్వు బ్యాంకు అప్పుడు అన్ని బ్యాంకులకీ గడువు పెట్టింది.

ఇంత పెద్ద పేర్లు చూసి, మన దుకాణానికి ఇవన్నీ ఎందుకనుకునేవాళ్లున్నారు. వాళ్లకే ఎక్కువ కావాలి. పెద్ద కంపెనీ కొంత నష్టం తట్టుకుంటుంది, నాలుగు వందల బస్తాలు పాడైతే మిల్లు ఆ ఏడాదికి కోలుకోదు. మనవైపు వ్యాపార భాగస్వామ్యాల్లో భార్య పేరో తమ్ముడి పేరో పత్రం మీద ఉంటుంది. బ్యాంకు ఖాతా మాత్రం “ఎవరైనా ఒకరు” అన్న పద్ధతిలో తెరుస్తారు. ఖాతా తెరిచే కాగితంలో “ఇద్దరూ కలిసి” అని రాయడానికి పైసా ఖర్చు లేదు. ఫలానా మొత్తం లోపు ఎవరైనా, దాటితే ఇద్దరూ అని కూడా రాయించుకోవచ్చు. కరెంటు ఖాతా నెట్‌బ్యాంకింగులో ఒకరు చెల్లింపు నమోదు చేసి ఇంకొకరు ఆమోదించే ఏర్పాటు బ్యాంకులిస్తాయి. చాలామంది ఆ రెండు పాస్‌వర్డులూ ఒకే అకౌంటెంటుకి చెప్పి ఉంచుతారు, పని తొందరగా అవుతుందని. దానికన్నా ఆ ఏర్పాటు పెట్టుకోకపోవడమే నయం. కనీసం ఇద్దరు చూస్తున్నారన్న భ్రమ ఉండదు.

హద్దు ఎంత ఉండాలన్నదానికి గుండ్రటి అంకెలు పనికిరావు. ఆగితే ఎంత పోతుంది, తప్పు కొంటే ఎంత పోతుంది అన్న రెండు నష్టాల్నీ పక్కపక్కన పెట్టాలి. బ్లోయరు బేరింగుకి ఆగితే లక్షలు, తప్పు కొంటే రెండు వేలు. గోతాలకి ఆగితే ఏమీ పోదు, తప్పు కొంటే ఏడాది పొడుగునా పోతుంది. మరి ఈ రెండింటికీ ఒకే హద్దు ఎలా సరిపోతుంది? ధరలు పెరుగుతుంటే పదేళ్ల కిందటి 5,000ని అలాగే ఉంచడం కూడా గీత చెరిపెయ్యమని చెప్పడమే. ఇంకోటి: సంతకం పెట్టేవాడి ముందుకి రోజుకి నలభై చీటీలు వచ్చే ఏర్పాటు ఉంటే, ఆయన దేన్నీ చూడటం లేదని రాసి పెట్టుకోవచ్చు. పై అధికారి దగ్గరికి తక్కువ కాగితాలు పోవాలి, పోయినవాటికి ఆయన ప్రశ్న వెయ్యాలి. “ఇది ఎందుకు?” అని ఏడాదికి ఒక్కసారైనా తిప్పి పంపని సంతకం ఉన్నా లేనట్టే.

యజమాని హద్దు దగ్గరే చాలా సంస్థలు తడబడతాయి. గీసినవాడు నేను, నేను లోపలికి రావడమేమిటి అన్నది సహజంగా వచ్చే ఆలోచన, చట్టప్రకారం చాలాసార్లు సరైనది కూడా; సొంత మిల్లు, సొంత డబ్బు. అయినా ఆ మినహాయింపు ఇప్పుడు కొత్త దొంగల చేతికి దొరికింది. 2022 సెప్టెంబరులో పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ నుంచి కోటి రూపాయల పైచిలుకు మోసగాళ్ల ఖాతాల్లోకి పోయింది. సంస్థ అధినేత అదార్ పూనావాలా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన సందేశం, వెంటనే డబ్బు పంపమని. అంత పెద్ద సంస్థకే జరిగిన ఈ పని ఆ తర్వాత చిన్నా పెద్దా వ్యాపారాలెన్నింటికో జరిగింది. యజమాని ఫొటో పెట్టిన నంబరు, మీటింగులో ఉన్నాను ఫోను చెయ్యకు అన్న ముక్క, ఒక కొత్త ఖాతా నంబరు, ఇంతే సరంజామా. చీటీ లేకుండా, కారణం చెప్పకుండా, మనిషి చేత కబురు పంపి డబ్బు తెప్పించుకోవడం యజమానికి అలవాటైన చోట ఆ సందేశం చూసి గుమాస్తాకి అనుమానం రమ్మన్నా రాదు.

దీనికి మందు చిన్నదే. కొత్త ఖాతాకి మొదటిసారి డబ్బు పంపే ముందు, సందేశం వచ్చిన నంబరుకి కాకుండా ముందే తెలిసిన నంబరుకి ఫోను చేసి అడగాలి. ఎవరు పంపమన్నా, ఎంత తొందరన్నా. ఆ ఫోను ఏదో ఒక మధ్యాహ్నం అసలు యజమానికే వెళ్తుంది, ఆయన నిజంగానే పంపమన్న డబ్బు గురించి, భోజనం మధ్యలో. ఎంగిలి చేత్తో ఫోనెత్తి, “అవును, నేనే పంపమన్నాను, అడిగి మంచి పని చేశారు” అని ఆయన అన్నాడంటే గుమాస్తా రెండోసారీ అడుగుతాడు. “నన్నే అడుగుతావా?” అని విసుక్కున్నాడంటే, ఆ నియమానికి అదే ఆఖరి ఫోను.